కొమ్ముకు బదులు ఏత్వం

నేను ఒక రబ్బరు ముద్రని. బొటనవేలికంటే కాస్త పొడుగు, పట్టుకోవడానికి అంకుడు కర్ర పిడి, అడుగున మూడే మూడు మాటలు. ఆ మూడింటిలో మొదటి మాట మొదటి అక్షరం తప్పు. ఆ తప్పే లేకపోతే నా గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఒక ఆడపిల్ల మొహంలో రక్తం కూడా ఉండేది కాదేమో. భయం నా స్వభావమే అయినా ఈ కథ మాత్రం బెరుకు లేకుండా చెప్పగలను.

నా పిడిని చెక్కినవాడు బొంగరాలు, లక్కపిడతలు చేసేవాడు. నేనూ ఒక బొంగరాన్నయి ఏ పిల్లవాడి చేతిలోనో తిరగాల్సినదాన్నే. తిరిగి తిరిగి కాలవలో పడిపోయేదాన్నేమోనని ఇప్పటికీ తలచుకుని ఉలిక్కిపడతాను. నన్ను కొని ముద్రగా మార్చినవాడు తవిటయ్య. ఉత్తరాంధ్రలో ఒక జిల్లా కేంద్రంలో, బస్సు కాంప్లెక్సు ఎదురు సందులో అతని కొట్టు. సీసపు అక్షరాలు తిరగేసి పేర్చి, సుద్దలో మూస తీసి, దానిమీద రబ్బరు పరిచి, వేడిమీద అదిమేవాడు.

జిల్లా హాస్టళ్ళ ఆఫీసు నుంచి అతనికొక చీటీ వచ్చింది. రాసినవారు పట్నాయక్ గారు, ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆయన చేతిరాతలో అక్షరాలన్నీ చీమల బారులా ఒక్కలాగే ఉంటాయి. తవిటయ్య కళ్ళద్దాలు పెట్టుకుని, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఒలే, ఇటు సూడు. ఇది 'చూసి దాఖలు చేయుము' అనా, 'చేసి దాఖలు చేయుము' అనా?” అని భార్యను అడిగాడు.

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే, “పని సేసినాకే కదా కాయితం లోపలెడతారు. ఊరికే సూసి ఎవులైనా లోపలెట్టీసుకుంటారేటి?” అంది.

అతనికీ అది నిజమే అనిపించింది. చకారానికి కొమ్ము దీర్ఘం బదులు ఏత్వం పెట్టాడు. ప్రభుత్వం మీద అంత నమ్మకం ఉన్న దంపతుల చేతుల్లో నేను పుట్టాను. ఆ మాటకొస్తే వాళ్ళ తప్పు అంతే.

ఆఫీసులో నా తప్పు ఎవరూ కనిపెట్టలేదు. వారం కాదు, నెల కాదు, ఏడేళ్ళు. ముద్రను ఎవరూ చదవరు, ముద్ర పడిందా లేదా అన్నదే చూస్తారు. బాగా చదువుకున్న కళ్ళు మొదటి అక్షరం చూడగానే తక్కినది తామే పూర్తిచేసుకుంటాయి. ఏముండాలో వాళ్ళకు ముందే తెలుసు, అందుకని ఏముందో చూడరు.

ఏ కాగితాలమీద పడేదాన్నో చెప్పాలి. ఆఫీసుకు వచ్చే ఫిర్యాదులకు, ఉత్తర్వులకు వేరే ముద్రలున్నాయి. నావి విశ్వవిద్యాలయాలనుంచి, కాలేజీలనుంచి వచ్చే పరిశోధనలు. హాస్టల్ పిల్లల నిద్రమీద ఒకటి, చదివే గదుల్లో వెలుతురుమీద ఒకటి, మధ్యలో బడి మానేసే పిల్లలమీద ఇంకొకటి. ఏడాదికి పది పన్నెండు వచ్చేవి. ఒక్కోటి పిండిరుబ్బే పొత్రమంత బరువు. పట్నాయక్ గారు అట్ట చూసేవారు, చివరి పేజీ చూసేవారు, “అమ్మా, ముద్ర వెయ్యి” అనేవారు. తరవాత దానికింద సంతకం పెట్టేవారు. ఎర్రగుడ్డలో మూటకట్టి రికార్డు గదిలో పెట్టడంతో ఆ కథ అయిపోయేది.

“పరిశోధన అంటే పెళ్ళి శుభలేఖ లాంటిదమ్మా,” అనేవారు ఆయన నవ్వుతూ. “వచ్చిందా లేదా చూసుకోవాలి. అన్నిటికీ వెళ్ళాలని లేదు.”

ఆయన చెడ్డవారని అనను. నలభైఆరు హాస్టళ్ళ బియ్యం, దుప్పట్లు, చెడిపోయిన మోటార్లు ఆయన నెత్తిమీదే ఉండేవి. నూట నలభై పేజీలు చదివే తీరిక ఏ దేవుడూ ఆయనకు ఇవ్వలేదు. చదివినా ఆ భాష అర్థమయ్యేది కాదు. రాసినవాళ్ళు ఆయనకోసం రాయలేదు.

ముద్ర వేసే చెయ్యి మాత్రం అసిరితల్లిది. ఆమె అదే ఆఫీసులో అటెండరు. భర్త చేసిన ఉద్యోగం అతను పోయాక ఆమెకు ఇచ్చారు. ఏడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి, కూడబలుక్కుని, పెదవులు కదుపుతూ చదువుతుంది. నన్ను ఎలా పట్టుకునేదో తెలుసా, పసిబిడ్డ నుదుట బొట్టు పెట్టినట్టు. ముందు ఎడమ అంచు ఆనించి, తరవాత కుడివైపు ఒరిగించి, ఒక్క క్షణం అదిమి ఉంచేది. ఆ చేతి భయమే నాకూ అంటుకుంది.

ఆమె భయాలకు లెక్క లేదు. కూతురు గౌరీశ్వరి పక్క మండలంలో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేది. ఫోను మోగితే హాస్టలు నుంచేనని భయం. మోగకపోతే ఫోను చెయ్యలేని పరిస్థితి వచ్చిందేమోనని భయం. వాన పడితే గోడలు, ఎండ కాస్తే వడదెబ్బ, ఏదీ లేకపోతే ఏదీ లేదేమిటా అని. తోటివాళ్ళు నవ్వేవారు. నేను నవ్వలేదు. నాకెందుకో ఆమె లెక్కే సరైనదనిపించేది.

ఆ ఏడాది వానలు తగ్గాక, గౌరీశ్వరి బడిలో ప్రార్థన జరుగుతుండగా కళ్ళు తిరిగి పడిపోయింది. నర్సమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం బాగా తక్కువుంది, ఇనుము మాత్రలు మానకుండా వేసుకోమంది. పిల్ల రోజూ వేసుకుంటూనే ఉన్నానంది. వార్డెను కూడా దగ్గరుండి ఇస్తున్నానంది. నెల తరవాత చూస్తే రక్తం ఎనిమిది. రెండు నెలల తరవాత కూడా ఎనిమిదే. చదివితే చాలు అలుపొచ్చేస్తోందనీ, బడి మానేసి ఇంటికొచ్చేస్తాననీ పిల్ల ఫోనులో ఏడ్చింది. అసిరితల్లి రికార్డు గదిలో మూటలకు ఆనుకుని నిలబడి, నోట్లో కొంగు కుక్కుకుంది. ఎక్కడైనా పోగొట్టుకుంటానేమోనన్న భయంతో ఆమె నన్ను చెంగు చివర ముడేసుకునేది, ఆ ముడి ఆమె గుండెమీదే ఉంది. గుండె చప్పుడంతా నాకు వినబడింది.

సరిగ్గా ఆ వారంలోనే రెహానా గారు వచ్చారు. గృహవిజ్ఞాన కళాశాలలో పరిశోధన చేసిన మనిషి, చేతిలో నీలిరంగు అట్ట పుస్తకం. రావడం అది మూడోసారి.

“పోయిన సంవత్సరం పంపానండి. ఏం చేశారో తెలుసుకుందామని,” అన్నారు.

“చూశామండి,” అన్నారు పట్నాయక్ గారు మర్యాదగా. “దాఖలు చేశాం.”

“చూశాక?”

“దాఖలు చేశాం కదండీ.”

ఆమె నీరసంగా కుర్చీలో కూర్చున్నారు. అసిరితల్లి టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. రెహానా గారు ఆ గ్లాసు వంకే చూస్తూ అన్నారు: “పది హాస్టళ్ళలో ఏడాదిపాటు కూర్చున్నానండి. పొద్దున్నే పరగడుపున ఇనుము మాత్ర ఇస్తున్నారు. ఆ వెంటనే టీ ఇస్తున్నారు. టీ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టదు. పరగడుపున వికారం వస్తోందని సగంమంది పిల్లలు మాత్రను నాలుక కింద దాచి, బయటికెళ్ళి ఊసేస్తున్నారు. ఇదే రాశాను. ఇంకేం రాయలేదు.”

అసిరితల్లి ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆవిడ వెళ్ళిపోతుంటే వెనకే మెట్లదాకా వెళ్ళింది.

“అమ్మా, మా పాప ఉన్న హాస్టలు మీరు సూసిన పదిట్లో ఉందా?” అని ఊరిపేరు చెప్పింది.

“ఉందమ్మా. నాలుగో పేజీలో ఉంది.”

ఆ నాలుగో పేజీ ఉన్న పుస్తకంమీద ఏడాది కిందట ముద్రగా పడింది ఎవరు? నేను. నన్ను వేసింది ఎవరి చెయ్యి? ఆమెదే. నిజం చెబుతున్నాను, ఆ రోజు నేను బొంగరాన్నయి కాలవలో కొట్టుకుపోయినా బాగుండేదనుకున్నాను.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకున్నప్పుడు ఆమె రికార్డు గదికి వెళ్ళి ఎర్రమూటల్లోంచి నీలి అట్ట పుస్తకం బయటికి లాగింది. లోపలంతా ఇంగ్లీషు. మొదట్లో ఒక్క పేజీ తెలుగు. వేలు పెట్టి చదవడం మొదలెట్టింది. “తేయాకులోని పదార్థములు లోహ శోషణను నిరోధించుచున్నందున పోషకౌషధ వితరణ కాలమును పునర్నిర్ధారించుట సముచితము.” మూడుసార్లు చదివింది. తెలుగులో రాసిన ఇంగ్లీషులాగే ఉంది. కళ్ళు తుడుచుకుని, చదవడానికి వీలైనది ఇంకేమైనా ఉందేమోనని వెతికింది. పేజీ అడుగున ఊదారంగులో నేనున్నాను.

చే. సి.

ఆగింది. మళ్ళీ వేలు మొదటికి తెచ్చింది. చే. సి. దా. ఖ. లు. చెంగు ముడి విప్పి, నన్ను తీసి, పాత దినపత్రిక అంచుమీద గట్టిగా అద్దింది. చేసి. ఇంకోసారి అద్దింది. మళ్ళీ చేసి అనే.

ఏడేళ్ళలో నన్ను చదివిన మొదటి మనిషి ఆమె. తొందరగా చదవడం రానందువల్ల చదవగలిగింది.

అప్పటికి ఆఫీసుకు కొత్త అధికారి వచ్చి రెండు నెలలైంది. మంజువాణి గారు. గట్టి మనిషి, తక్కువ మాట్లాడతారు. అసిరితల్లి పుస్తకమూ, నన్నూ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. ఎంత భయపడిందో నాకు తెలుసు. ఉద్యోగం పోతుందని, కూతురి సీటు పోతుందని, ఏవేవో. అయినా వెళ్ళింది. పెద్ద భయం ఎదురుగా ఉంటే చిన్న భయాలు దారి ఇస్తాయి.

“అమ్మగోరూ, సదువు తక్కువదాన్ని. ఇది సదివి సెప్పండి.”

మంజువాణి గారు ఒక్క చూపు చూసి, “చూసి దాఖలు చేయుము,” అన్నారు.

“వేలెట్టి సదవండమ్మా.”

అధికారి తలెత్తి ఆమెను చూశారు. కోప్పడతారని నేను బిగుసుకుపోయాను. ఏమనుకున్నారో, నిజంగానే చూపుడువేలు అక్షరంకింద పెట్టారు. వేలు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

“పట్నాయక్ గారిని పిలువు,” అన్నారు.

ఆయన వచ్చి చూసి, “అచ్చుతప్పండి మేడమ్. మా ఉద్దేశం చూసి అనే,” అన్నారు.

“ఎన్నాళ్ళనుంచి?”

“ఏడేళ్ళండి.”

“ఏడేళ్ళూ మీ సంతకం 'చేసి' కిందే ఉంది. ఉద్దేశంకింద ఎవరూ సంతకం పెట్టరు కదండీ. ఏం చేశారని రేపు ఎవరైనా అడిగితే ఇద్దరం కలిసి ఏం చెబుదాం?”

పట్నాయక్ గారి మొహంలో నేను బాగా ఎరిగిన రంగు కనిపించింది. భయం రంగు. పిల్లకోసం తల్లి పడే భయం వేరు, ఫైలుకోసం గుమాస్తా పడే భయం వేరు. కానీ ఆ రోజు రెండూ ఒకే వైపు నడిచాయి.

“చెయ్యడమే మేలండి,” అన్నారాయన.

మర్నాడు రెహానా గారిని పిలిపించారు. మంజువాణి గారు దాపరికం లేకుండానే చెప్పారు. “మీ పుస్తకం మంచిదే అయ్యుంటుంది. నూట నలభై పేజీలు చదివే తీరిక నాకు రాదు. సోమవారంనుంచి హాస్టల్లో ఎవరు ఏం చెయ్యాలో ఒక్క పేజీలో రాసివ్వండి.”

రెహానా గారికి చిన్నతనమనిపించింది. “అంత తేలిగ్గా చెబితే అబద్ధమైపోతుందండి. నేను చూసినవి పదే. మిగతా చోట్ల కారణం వేరే ఉండొచ్చు.”

“ఆ మాట కూడా ఆ పేజీలోనే రాయండి. నాకు అదీ కావాలి.”

ఆ పేజీ రాయడానికి నాలుగు రోజులు పట్టింది. నూట నలభై పేజీలకంటే అదే కష్టమైందని ఆవిడే అన్నారు. ఎందుకంటే, రాసిన ప్రతి ముక్కా అసిరితల్లి పైకి చదవాలనీ, ఆమె ఎక్కడ ఆగితే అక్కడ మాట మార్చాలనీ అధికారి షరతు పెట్టారు.

“శోషణ అంటే ఏటమ్మా?”

“ఒంటికి పట్టడం.”

“అలాగే రాయొచ్చు కదా. మరి వితరణ?”

“పంచడం.”

“సముచితము?”

రెహానా గారు కాసేపు ఆలోచించి నవ్వేశారు. “ఏమీ లేదమ్మా. అది తీసేద్దాం.”

చివరికి మిగిలింది ఇంతే. మాత్ర పొద్దున్న వద్దు, సాయంకాలం భోజనం అయ్యాక ఇవ్వండి. ఆ పూట పప్పులో నిమ్మకాయ పిండండి. టీకీ మాత్రకీ రెండు గంటల ఎడం ఉండాలి. వార్డెను ఎదురుగా మింగాలి, మింగాక పిల్ల తన పేరు గట్టిగా చెప్పాలి. నాలుక కింద మాత్ర ఉంటే పేరు సరిగ్గా పలకదు. ఈ ఆఖరి ఉపాయం ఏ పరిశోధనలోనూ లేదు. అది అసిరితల్లిది. కూతురు చిన్నప్పుడు మందు ఊసేసే పిల్ల అట. ఆ కింద ఒక వాక్యం: మూడు నెలల్లో రక్తం పెరగకపోతే కారణం వేరే ఉంది, మాకు చెప్పండి.

వార్డెన్ల సమావేశంలో ఒకావిడ లేచి, “టీ మాన్పిస్తే పిల్లలు ఊరుకోరండి,” అంది.

“టీ జోలికి వెళ్ళకండి. మాత్రను జరపండి,” అన్నారు మంజువాణి గారు. అంతటితో ఆ వాదన ముగిసింది.

ఆ మూడు నెలలూ ఎలా గడిచాయో చెప్పలేను. అసిరితల్లి రోజుకోసారి నన్ను తీసి ఉత్త కాగితంమీద అద్ది చూసుకునేది, ఏత్వం ఉందా అని. ఉండేది. మళ్ళీ చెంగులో కట్టుకునేది. పేజీలో మేం ఏదైనా తప్పు రాయించామేమో, నిమ్మకాయ పడక పిల్లకు కడుపునొప్పి వస్తుందేమో, అసలు రోగమే వేరేమో. ఆమె అన్న ప్రతిదానికీ నేను లోపల్లోపల ఊఁ కొట్టేదాన్ని.

రక్తపరీక్షల కాగితం వచ్చిన రోజు మంజువాణి గారు దాన్ని తాను చదవకుండా అసిరితల్లికే ఇచ్చారు. ఆమె వేలు వరుసలమీద జారుతూ, పేర్లు కూడబలుక్కుంటూ, చాలాసేపు వెళ్ళింది. గౌ. రీ. శ్వ. రి. ఎదురుగా పదిన్నర.

ఆమె కాగితం బల్లమీద పెట్టి, గ్లాసులు కడగడానికి వెళ్ళింది. కడిగినవే మళ్ళీ కడిగింది.

అన్నీ అలాగే బాగుపడ్డాయని చెబితే అబద్ధం. రెండు హాస్టళ్ళలో రక్తం ఒక చుక్క పెరగలేదు. “అక్కడ పొట్టలో పురుగులు కావచ్చు. చూడాలి,” అన్నారు రెహానా గారు.

“చూడాలి అంటే కుదరదండి ఇక్కడ,” అన్నారు పట్నాయక్ గారు, నా వైపు వేలు చూపించి. ఆయన వేసిన హాస్యాల్లో అదే మంచిదని నా అభిప్రాయం.

ఆ తరవాత ఆఫీసులో ఒక పద్ధతి స్థిరపడింది. పరిశోధన ఏదొచ్చినా, అంచుమీద ఎవరు చెయ్యాలి, ఏం చెయ్యాలి, ఎప్పటినుంచి అని రాసేదాకా నన్ను ముట్టుకోరు. మనకు పనికిరానిదైతే ఎందుకు పనికిరాదో రాసి, రాసినవారికి మర్యాదగా తిప్పి పంపిస్తారు. పట్నాయక్ గారు, “నా బల్లమీద ఎప్పుడూ ఇంత పని లేదు,” అని సణిగేవారు. సణుగుతూనే చేసేవారు. కాలేజీలవాళ్ళు కూడా, అసిరితల్లి చదువుతుందని తెలిశాక, ఒక్క పేజీ తేలిక తెలుగులో రాసుకుని వచ్చేవారు. పెద్ద పెద్ద పట్టాలున్నవాళ్ళు ఆమె ఎదుట నిలబడి ఎక్కడ ఆగుతుందోనని బిక్కుబిక్కుమంటుంటే, వాళ్ళను చూసి నేనే ధైర్యం తెచ్చుకునేదాన్ని.

రబ్బరుకు ఆయుష్షు తక్కువ. నా అంచులు పగిలాయి. సిరా పట్టడం మానేసింది. మంజువాణి గారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన అధికారికి ఆ ముద్ర కథ ఎవరో చెప్పారట, ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు ఏ రకందో తేల్చుకోలేక నేను వారంరోజులు నలిగాను. పోయిన నెల పట్నాయక్ గారు ఒక చీటీ రాసి, నన్నూ దాన్నీ అసిరితల్లికి ఇచ్చి తవిటయ్య కొట్టుకు పంపారు.

తవిటయ్య ముసలివాడయ్యాడు. నన్ను వెలుగులో తిప్పి చూసి, కాగితంమీద అద్ది, కంగారుపడ్డాడు. “ఇదేటమ్మా, మా అచ్చుతప్పు. ఇన్నేళ్ళూ సెప్పలేదేటి?”

“ఆ తప్పే మళ్ళీ సెయ్యి తాతా,” అంది అసిరితల్లి. “పొల్లు పోకుండా.”

అతను నమ్మలేక చీటీ విప్పాడు. ఈసారి పట్నాయక్ గారి అక్షరాలు చీమల్లా లేవు. ఒక్కోటి చింతపిక్కంత. 'చేసి' కింద రెండు గీతలు. పక్కన చిన్నగా: “అచ్చుతప్పు కాదు.”

లోపలనుంచి తవిటయ్య భార్య అంది, “నానప్పుడే సెప్పినాను.”

కొత్త ముద్రను అసిరితల్లి చెంగులో కట్టుకుని వెళ్ళింది. నన్ను వదిలి వెళ్ళేముందు ఒకసారి అరచేతిలో అదిమి చూసుకుంది. సిరా లేదు, ఏమీ పడలేదు. అయినా కాసేపు అరచెయ్యి చూసుకుంది. గౌరీశ్వరి ఇప్పుడు నర్సింగు చదువుతోందని, దాని రాత్రి డ్యూటీలంటే తనకు భయంగా ఉందని తవిటయ్య భార్యతో చెబుతూ మెట్లు దిగింది.

నేనిప్పుడు కిటికీపక్కన పాత రబ్బర్ల గంపలో ఉన్నాను. నాతోపాటు ఇక్కడ ఎందరో ఉన్నారు. ఏవేవో పదవుల పేర్లు, “నకలు”లు, “అత్యవసరం”లు. వాళ్ళంతా హాయిగా నిద్రపోతారు. నాకే పట్టదు. కొత్త ముద్రకూ నాలాగే ఏత్వం ఎడమ అంచున ఉంది. ముద్రను తొందరగా, కుడివైపు ఒరిగించి వేస్తే ఆ అంచు కాగితానికి తగలదు. ఏత్వం పడదు. అప్పుడు ఎవరి కళ్ళకు తోచింది వాళ్ళు చదువుకుంటారు. అసిరితల్లి చెయ్యి ముందు ఎడమవైపే ఆనుతుందని నాకు తెలుసు, అది తప్పదనీ తెలుసు. అయినా ఆమెకు జ్వరం వచ్చి వేరెవరైనా వేస్తే?

వెయ్యకపోవచ్చు. ఎవరు వేసినా ఎడమ అంచు ఆనేట్టు ఆమె నేర్పే ఉంటుంది. కానీ ఎవరో ఒకరు భయపడుతూ ఉండాలి కదా, ఆ పని నేను చేస్తున్నాను.